పథకం పనిచేసిందా? ఊరి కొలబద్దతో మదింపు చేసే పద్ధతి

ఉత్తరాంధ్రలో సర్వే అంటే తెలియని ఊరు లేదు. రేషన్ కార్డు సర్వే, పింఛను వెరిఫికేషన్, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో అయితే ఏళ్ల తరబడి కిడ్నీ సర్వేలు, రక్త పరీక్షలు. ఫారం పట్టుకొచ్చిన మనిషికి ఏం చెబితే త్వరగా వెళ్లిపోతాడో జనానికి బాగా తెలుసు. "అన్నీ అందుతున్నాయి బాబూ" అంటారు. మనం 'లబ్ధిదారులు సంతృప్తిగా ఉన్నారు' అని రాసుకుని బస్సెక్కేస్తాం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థల్లోనో, మండల సమాఖ్యల్లోనో, సచివాలయాల్లోనో పనిచేస్తూ, ఏదో ఒక పథకాన్ని మదింపు చేయాల్సిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సోషల్ వర్క్ చదివే పిల్లలకూ పనికొస్తుంది. నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. బాగుపడటం అంటే ఏమిటో, పథకం ఎవరి కోసం పెట్టారో వాళ్లే చెప్పాలి, తేలిన ఫలితాన్ని కూడా అందరికంటే ముందు వాళ్లే వినాలి. కింద చెప్పిన అడుగులన్నీ దాని కోసమే. ఉదాహరణలు ఎక్కువగా ఉద్దానం తాగునీరు, డయాలసిస్ చుట్టూ ఉంటాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు పనిచేసేవాళ్లకు ఇవి రోజూ కనిపించేవే.

మొదటి అడుగు: ఇది చూసి ఎవరు ఏం మారుస్తారు?

ప్రశ్నావళి తయారీకి ముందు ఒక తెల్లకాగితం మీద ఒక వాక్యం రాయండి: "ఈ మదింపు తర్వాత ఫలానా వాళ్లు, ఫలానా తేదీలోపు, ఫలానా నిర్ణయం తీసుకుంటారు." రాయలేకపోతే ఆగిపోవడం మంచిది. ఏ నిర్ణయానికీ పనికిరాని మదింపు కోసం కూలి మానుకుని వచ్చి కూర్చోమని జనాన్ని అడగడం న్యాయం కాదు.

నిర్ణయం చిన్నదైనా ఫరవాలేదు. నీళ్ల ప్లాంటు తెరిచే వేళ మార్చడం, డయాలసిస్ కేంద్రానికి వెళ్లే బండి ఏ ఊళ్ల మీదుగా తిరగాలో తేల్చడం, అంగన్‌వాడీలో గుడ్లు ఇచ్చే రోజు మార్చడం. ఇలాంటివి మండల స్థాయిలోనే అయిపోతాయి కాబట్టి జరిగే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఇంకో తేడా కూడా తెలుసుకోవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభ మీద పెట్టింది. దాన్ని పెద్ద ఎత్తున ఊళ్లలోకి తీసుకెళ్లిన మొదటి రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ చట్టం మొదటి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. అందుకే మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) బయటికి చదవడం, చేయని పనికి పడిన డబ్బు లెక్క అడగడం ఇక్కడి జనానికి అలవాటే. అయితే తనిఖీ చూసేది రికార్డుకూ వాస్తవానికీ ఉన్న తేడాని. మదింపు ఇంకొంచెం ముందుకు వెళ్లి, రికార్డు సరిగ్గా ఉన్నా బతుకులో ఏం మారిందని అడుగుతుంది. రెండూ కలిపేస్తే మిమ్మల్ని చూడగానే ఫీల్డ్ అసిస్టెంటుకు టెన్షన్ మొదలవుతుంది, ఇక ఎవరూ నోరు విప్పరు. ఏ పని మీద వచ్చారో మొదటి రోజే తేటతెల్లంగా చెప్పండి.

రెండో అడుగు: ఊరి క్యాలెండరు, జిల్లా గీతలు

నాట్ల సమయంలో, అంటే జులై, ఆగస్టుల్లో, పగటిపూట ఇళ్లలో ముసలివాళ్లే దొరుకుతారు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లు పగలు దొరకరు, సాయంత్రమే వెళ్లాలి. సంక్రాంతికి హైదరాబాద్, చెన్నైల నుంచి వలస వెళ్లినవాళ్లు ఇంటికి వస్తారు. ఇల్లంతా సందడిగా ఉంటుంది కాబట్టి గంటసేపు కూర్చోపెట్టడం కుదరదు గానీ, వలస కుటుంబాలను కలవడానికి అంతకు మించిన వారం లేదు. పది నిమిషాల ప్రశ్నలతో వెళ్లండి. బారువ, భావనపాడు, భోగాపురం తీరంలో మత్స్యకారులతో తీరిగ్గా మాట్లాడాలంటే వేట నిషేధం కాలం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మంచిది. వేట సాగే నెలల్లో ఆ ఊళ్లలో మగవాళ్ల మాట ఏ సర్వేలోనూ సరిగ్గా పడదు. చాలామంది గుజరాత్ తీరంలో బోట్ల మీద ఉంటారు.

జిల్లా గీతల సంగతి చాలామంది మర్చిపోతారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగింది. సాలూరు, కురుపాం, పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం ప్రాంతం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 'విజయనగరం' అంటే ఏజెన్సీ మండలాలు కలిసిన పాత జిల్లా. ఆ అంకెను నేటి విజయనగరం అంకె పక్కన పెట్టి 'పిల్లల్లో రక్తహీనత తగ్గింది' అని రాస్తే, తగ్గింది రక్తహీనతా, లేక జిల్లాలోని కొండ ఊళ్ల సంఖ్యా అన్నది తెలియదు. పాత అంకెలు వాడాలనుకుంటే, మండలాల వారీగా దొరికే లెక్కలతోనే పోల్చండి.

మూడో అడుగు: కొలబద్ద ఊరి చేత చెప్పించడం

ఈ అడుగుకు ఎక్కువ రోజులు కేటాయించండి. మిగతావాటిలో తొందరపడినా సర్దుకోవచ్చు గానీ ఇక్కడ కుదరదు.

తాగునీటి పథకం అనుకుందాం. ఆఫీసు కొలబద్దలు మనకు తెలిసినవే: ఎన్ని ఇళ్లకు కుళాయి వచ్చింది, మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు, నీటిలో కరిగిన లవణాలు ఎంత. వీటిలో తప్పేమీ లేదు. ఇప్పుడు పదిమంది ఆడవాళ్లను ఒక అరుగు మీద కూర్చోబెట్టి, "నీళ్ల బాధ తీరింది అని ఎప్పుడు అనుకుంటారు?" అని అడిగి చూడండి. బడికెళ్లే పిల్ల బిందె మోయక్కర్లేని రోజు అంటారు ఒకరు. నీళ్లు వచ్చే వేళ ముందే తెలిస్తే చాలు, కూలికి వెళ్లిపోవచ్చు అంటారు ఇంకొకరు. అన్నం పచ్చబడకూడదు, పప్పు ఉడకాలి అంటారు. చుట్టాలొస్తే ఆ నీళ్లే ఇవ్వగలగాలి అంటారు. మీ ఫారంలో వీటికి గడి ఉండదు. వీటిలో చాలావాటిని కొలవవచ్చు. వేళ తెలుసా లేదా, బిందె ఎవరు మోస్తున్నారు, నిన్న వంటకు ఏ నీళ్లు వాడారు అని అడిగితే సరిపోతుంది.

చెప్పినవన్నీ రాసుకున్నాక ముఖ్యమైనవేవో తేల్చాలి. ఇందుకు చదువు అక్కర్లేని పద్ధతి ఉంది. ఒక్కో అంశానికి నేల మీద ముగ్గుపిండితో ఒక గడి గీసి, దాని గుర్తుగా బిందె, గడియారం, పలక లాంటి వస్తువు పెట్టండి. ఒక్కొక్కరికి పది చింతపిక్కలు ఇవ్వండి. ఏది ఎంత ముఖ్యమో దాన్నిబట్టి గడుల్లో వేయమనండి. ఉద్దానంలో చింతపిక్కలు దొరక్కపోతే జీడిపిక్కలు ఎలాగూ ఉంటాయి. ఇలాంటి నేలబొమ్మల పద్ధతులు 1980ల చివర, 90ల మొదట్లో గ్రామాభివృద్ధి పరిశోధకుడు రాబర్ట్ ఛాంబర్స్ లాంటి వాళ్ల కృషితో ప్రపంచమంతా పాకాయి. మన రెండు జిల్లాల్లో 2000లో మొదలైన వెలుగు పేదరిక నిర్మూలన ప్రాజెక్టు రోజుల్లో పేదలను గుర్తించడానికి ఊళ్లోవాళ్లే కూర్చుని తేల్చిన సంగతి పాత సంఘం లీడర్లకు ఇంకా గుర్తుంటుంది. వాళ్లను పిలవండి, మీకంటే బాగా నడిపిస్తారు.

పిక్కలు లెక్కపెట్టి మొత్తం రాసుకుని వెళ్లిపోతే సగం పనే అయినట్టు. ఒకావిడ తన పది పిక్కలూ ఒకే గడిలో వేస్తే ఎందుకు వేసిందో అడగండి. అసలు సమాచారం ఆ జవాబులో ఉంటుంది. ఆడవాళ్ల గుంపు, మగవాళ్ల గుంపు, ఎస్సీ కాలనీ, కొండ మీది గూడెం విడివిడిగా చేయించండి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే పెద్ద నోరున్నవాళ్ల పిక్కలే పడతాయి.

ఉద్దానంలో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో ప్రారంభమైన సుజలధార పథకం హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని ఆ ఊళ్లకు తెస్తోంది. మంచి నీరు రావడం దానికదే మేలు. దీర్ఘకాల కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరేది కాబట్టి, ఏడాది రెండేళ్ల మదింపులో 'కేసులు తగ్గాయా' అన్నదాన్ని కొలబద్దగా పెట్టకండి. తగ్గలేదని తేలితే పథకానికి అన్యాయం, తగ్గాయని తేలితే జనానికి అబద్ధం చెప్పినట్టు.

డయాలసిస్ కూడా ఇలాగే ఆలోచించాల్సిన విషయం. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి. ఆఫీసు 'ఎన్ని సెషన్లు' అని లెక్కపెడుతుంది. రోగి ఇంట్లో లెక్క వేరు: తెల్లారి ఎన్నింటికి బయల్దేరారు, ఎన్నింటికి ఇంటికి చేరారు, తోడు వెళ్లిన మనిషికి ఎన్ని కూలిరోజులు పోయాయి, ఆటోకు ఎంతైంది, నెలనెలా వచ్చే పింఛనులో ఎంత మిగిలింది. రెండో లెక్క తీస్తేనే కేంద్రం దగ్గర్లో ఉండటం వల్ల ఎంత మేలు జరిగిందో తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఎవరిని అడగాలి

ఊళ్లోకి వెళ్లగానే వీవోఏనో (గ్రామ సంఘం సహాయకురాలు), అంగన్‌వాడీ టీచరో, వార్డు మెంబరో ఒక పదిమందిని పిలిచి పెడతారు. మర్యాదగానే చేస్తారు. వాళ్లతో మాట్లాడండి, టీ తాగండి, కానీ దాన్ని శాంపిల్ అనుకోకండి.

జాబితా దొరికితే చీటీలు వేసి పేర్లు తీయండి. దొరక్కపోతే ఊరి చివరి వీధి నుంచి మొదలుపెట్టి ప్రతి అయిదో ఇల్లో, ప్రతి ఏడో ఇల్లో ఎంచుకోండి. రోడ్డు పక్క ఇళ్లతో సరిపెట్టకూడదు. మూడు ఊళ్లలో వందేసి ఇళ్లు అడగడం కంటే ముప్పై ఊళ్లలో పదేసి ఇళ్లు అడగడం మంచిది. ఒకే ఊళ్లోవాళ్ల అనుభవాలు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కడ ఇళ్ల సంఖ్య పెంచినా కొత్తగా తెలిసేది తక్కువ.

తర్వాత పనిగట్టుకుని వెతకాల్సిన వాళ్లు ఉంటారు: పథకంలో చేరి మానేసినవాళ్లు, అర్హత ఉన్నా పేరు రానివాళ్లు, డ్వాక్రా సంఘం నుంచి బయటికి వెళ్లినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గూడేలు. మానేసినవాళ్ల దగ్గర ఒక గంట కూర్చుంటే మిగతా శాంపిల్ మొత్తం చెప్పనిది తెలుస్తుంది. వీళ్ల సంఖ్యకు శాతాల లెక్క అవసరం లేదు. కొత్త విషయం రావడం ఆగిపోయేదాకా మాట్లాడితే చాలు.

సవర మాట్లాడే గూడేల్లో, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లలో దుబాసీ కావాలి. అంగన్‌వాడీ గురించి అడుగుతూ అంగన్‌వాడీ ఆయాను దుబాసీగా పెట్టుకోకండి. పక్క గూడెం నుంచి చదువుకున్న అమ్మాయిని రోజు కూలి ఇచ్చి తెచ్చుకోండి.

అయిదో అడుగు: అడిగే తీరు

"పథకం బాగుందా?" అన్న ప్రశ్నను కొట్టేయండి. మర్యాద తెలిసిన మనిషి బాగుందనే అంటారు. జరిగిపోయిన, దగ్గరి విషయం అడగండి. నిన్న పొద్దున తాగిన నీళ్లు ఎక్కడివి? ఎవరు తెచ్చారు? ఆ క్యాను ఎంతకు కొన్నారు? పోయిన నెల పింఛను ఎవరి చేతికి వచ్చింది, ఖర్చుపెట్టింది ఎవరు? గుర్తు తెచ్చుకుని చెప్పే జవాబులో పొగడ్తకు చోటు తక్కువ.

ఒక చిన్న సంభాషణ చూడండి. ఊహించి రాసిందే, ఫీల్డులో వినిపించేదానికి దగ్గరగా ఉంటుంది.

"అప్పా, ప్లాంటు నీళ్లు తెచ్చుకుంటున్నారా?"
"తెచ్చుకుంటాం బాబూ."
"ఇవాళ తెచ్చారా?"
"ఇవాళ లేదు. మా గుంటడు ఊళ్లో లేడు."
"మరి ఇవాళ ఏ నీళ్లు తాగారు?"
"నూతి నీళ్లే."

మొదటి జవాబు దగ్గర ఆగిపోతే ఆ ఇంటి పక్కన 'అవును' పడుతుంది. ఇంకో రెండు ప్రశ్నలు ముందుకెళ్తే, నీళ్లు తెచ్చే కొడుకు ఊళ్లో ఉన్న రోజే ఆ ఇంటికి మంచినీళ్లని తెలుస్తుంది. ఇంటికి తెచ్చిచ్చే ఏర్పాటు లేకపోవడం అసలు సమస్య కావచ్చు.

వరసలు కలిపి మాట్లాడండి గానీ అతి చేయకండి. కుర్చీ వేస్తే కూర్చోండి, వాళ్లు నేల మీద కూర్చుంటే మీరూ నేల మీదే. ట్యాబ్‌లో టైపు చేస్తూ తల వంచుకుని అడిగేవాళ్లకు జవాబులు పొట్టిగా వస్తాయి. ఇద్దరుగా వెళ్లి ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవడం మేలు. ప్రశ్నావళిని ముందుగా వేరే ఊళ్లో ఒక డజను మందితో పరీక్షించి, వాళ్లకు అర్థం కాని మాటలు మార్చండి.

ఆరో అడుగు: భయం పోగొట్టడం

పేరు, ఆధార్ నంబరు అడిగితే పింఛను పోతుందేమో, కార్డు తీసేస్తారేమో అన్న భయం చాలామందిలో ఉంది, దానికి కారణాలూ ఉన్నాయి. ఆధార్ మీకు అవసరం లేదు, అడగొద్దు. పేరు బదులు కోడ్ వాడండి, పేర్ల జాబితా విడిగా తాళం వేసి ఉంచండి. ఎవరి తరఫున వచ్చారో, చెప్పింది ఎవరికి చేరుతుందో, చెప్పకపోయినా ఏమీ కాదని, మధ్యలో లేచి వెళ్లొచ్చని మామూలు మాటల్లో చెప్పండి. ఆ మాటలు విన్నాక ఎవరైనా వద్దంటే బతిమాలకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అనుమతి విషయంలో గట్టిగానే ఉంది. రోగుల ఫొటోలు రిపోర్టుకు అట్ట బొమ్మలుగా వాడే అలవాటు మాత్రం నాకు అస్సలు నచ్చదు. పది మందిలో ఒకరి ముఖం మీద 'కిడ్నీ రోగి' అని ముద్ర పడితే ఆ ఇంట్లో పెళ్లి సంబంధాల దాకా దెబ్బ తగలొచ్చు.

గంటకు మించి కూర్చోబెడితే కూలి నష్టం ఇవ్వాలి. బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

ఏడో అడుగు: మార్పు కథలు, వాటిని ఎంచే హక్కు

1990ల మధ్యలో బంగ్లాదేశ్‌లో రిక్ డేవిస్ అనే పరిశోధకుడు రూపొందించిన ఒక పద్ధతి ఇలాంటి పనులకు బాగా పనికొస్తుంది. ముందుగా సూచికలేవీ పెట్టుకోకుండా, "ఈ ఏడాదిలో మీ బతుకులో వచ్చిన మార్పుల్లో అన్నిటికంటే పెద్దది ఏది? అదే ఎందుకు?" అని అడిగి కథలు సేకరిస్తారు. తర్వాత ఒక బృందం కూర్చుని వాటిలో ముఖ్యమైనదాన్ని ఎంచి, ఎందుకు ఎంచామో రాస్తుంది.

ఆ ఎంపిక పీడీ (ప్రాజెక్టు డైరెక్టర్) ఆఫీసులో జరిగితే పథకాన్ని మెచ్చుకునే కథలే పైకి వస్తాయి. అందుకే మొదటి ఎంపిక గ్రామ సంఘంలో, రెండోది మండల స్థాయిలో జరగనివ్వండి. ఊరివాళ్లు ఒక కథ, అధికారులు ఇంకో కథ ఎంచితే రెండు కారణాలూ రిపోర్టులో పక్కపక్కనే పెట్టండి. చెడు మార్పుల కథ కూడా ఒక్కటైనా తప్పనిసరిగా అడగండి.

ఎనిమిదో అడుగు: అంకెలు

అంకెలు లేకుండా ఒట్టి కథలతో వెళ్తే కలెక్టరేట్‌లో నిలబడలేం, అలా వెళ్లాల్సిన అవసరమూ లేదు. కథ ఒక సంగతి చెబితే, అది ఎన్ని ఇళ్లలో జరుగుతోందో అంకె చెప్పాలి. 'కొడుకు ఊళ్లో లేకపోతే నూతి నీళ్లే' అన్న మాట ఒక ఇంట్లో విన్నారు. తర్వాతి విడతలో క్యాను తెచ్చేది ఎవరని అందరినీ అడిగితే లెక్క తేలుతుంది.

మార్పు పథకం వల్లే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. పథకం ఇంకా చేరని పొరుగు ఊళ్లతో పోల్చండి. ఆ మధ్యలో వచ్చిన పెద్ద సంఘటనలు గుర్తుపెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏడాదికి ముందూ తర్వాతా ఆదాయాలు పోల్చేవాళ్లు తుపానును, పరిహారాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏ జీవనోపాధి పథకమైనా విఫలమైనట్టే కనిపిస్తుంది.

నిధులిచ్చేవాళ్లు ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) వాళ్ల ఆరు ప్రమాణాల ప్రకారం రాయమని అడగవచ్చు. అవసరానికి తగినదా, ఇతర పథకాలతో పొందిక, ఫలితం, ఖర్చుకు తగ్గ పని, ప్రభావం, నిలకడ. రాసివ్వండి. ఊరి కొలబద్దలు మాత్రం మొదటి అధ్యాయంలోనే ఉండాలి, అనుబంధంలోకి తోయకండి.

తొమ్మిదో అడుగు: ముందు ఊరికి

ఫలితాలు చిత్తుప్రతిగా ఉండగానే ఊళ్లో చదవండి. రాత్రి భోజనాల తర్వాత గుడి దగ్గరో, సంఘం భవనంలోనో కూర్చుంటే ఆడవాళ్లూ వస్తారు. పెద్ద చార్టు మీద బొమ్మలతో పెట్టండి. "ఇది మాకు అర్థమైంది, తప్పుంటే చెప్పండి" అని మొదలుపెట్టండి. తప్పులు దొరుకుతాయి, దిద్దుకోండి.

తర్వాత మలావిలో కేర్ సంస్థ 2002లో మొదలుపెట్టిన స్కోర్ కార్డు పద్ధతి వాడుకోవచ్చు. జనం తమ కొలబద్దల మీద సేవకు మార్కులు వేస్తారు. అదే సేవ అందించే సిబ్బంది విడిగా కూర్చుని తమకు తాము మార్కులు వేసుకుంటారు. ఆ తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ప్లాంటు ఆపరేటరుకు నెలల తరబడి జీతం రాలేదని, ఏఎన్ఎంకు మూడు ఊళ్లు ఉన్నాయని జనానికి అప్పుడే తెలుస్తుంది. గొడవ జరిగే అవకాశం ఉంది కాబట్టి, సమావేశం నడిపే మనిషి ఆ ఊరి రాజకీయాల్లో లేనివాళ్లై ఉండాలి. మనుషుల పేర్లు ఎత్తకుండా సేవ గురించే మాట్లాడాలని ముందే ఒప్పందం చేసుకోండి. లేచేముందు ఒక కాగితం మీద ఏం చేయాలి, ఎవరు చేస్తారు, ఎప్పటికి అని మూడు గడులు నింపి, ఒక కాపీ సచివాలయంలో ఇచ్చి, ఒక కాపీ గోడకు అంటించండి.

చివరి పనులు

రిపోర్టు రెండు రకాలుగా రాయండి. ఆఫీసుకు కావాల్సిన పొడవులో ఒకటి. ఊరికి తెలుగులో ఒక్క పేజీ, పెద్ద అక్షరాలతో, ఒక పక్క ఊరి కొలబద్దలు, వాటికి ఎదురుగా ఫలితం. కథ ఇచ్చినవాళ్లకు వాళ్ల కథ అచ్చులో ఎలా వస్తుందో ముందే చదివి వినిపించి, మార్చమన్నది మార్చండి.

ఆరు నెలల తర్వాత గోడ మీది కాగితం చూడ్డానికి ఒకసారి వెళ్లాలి. ఆ ప్రయాణం ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే పెట్టుకోండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. వెళ్లినప్పుడు కొత్త సర్వే పెట్టకండి. మూడు గడుల్లో ఏ పని అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నవి రాసుకుని, అదే కాగితం మీద తేదీ వేసి, ఊళ్లోవాళ్ల చేత సంతకమో వేలిముద్రో వేయించి, ఒక ఫొటో తీసి మండల ఆఫీసులో ఇచ్చేయండి.